చింపిన నాలుగు పేజీలు

"బ్లుక్కంట! గొంతుల బొక్క ఇరికినట్టుంది. ఇంకో మాటే దొరకలేదానే?" రాహేలు కోడలిని పొద్దున్నుంచి దెప్పుతూనే ఉంది.

"బ్లాగుల రాసింది బుక్కయితే అట్లనే అంటరు, అత్తా." తబితా ప్రూఫు కాగితాల కట్ట సర్దుకుంది. "ఆదివారం ఆరాధన అయినంక చర్చిల పంచుత."

"పంచు వదినా, ఇంటి గుట్టంత పంచు," అన్నాడు మరిది జాన్సన్, ఫోన్ నుంచి తలెత్తకుండా.

అప్పుడు సమయం 9.30.

11.10కి తబితా వంటింట్లో శవమై ఉంది. రోకలి దెబ్బలు ఐదు. పుర్రె పగిలింది. జొన్నపిండి నెత్తుట్లో ముద్దయింది.

మన్నాఏఖేళ్ళి పోలీస్ స్టేషన్ నుంచి సబ్ ఇన్‌స్పెక్టర్ కావేరి వచ్చింది. బ్లాగులో అన్నిటికన్నా పైనున్న పోస్టు 10.40కి తబితా ఫోన్ నుంచే డిలీట్ అయింది. ప్రూఫులో మొదటి నాలుగు పేజీలు లేవు. పొయ్యిలో కాగితపు మసి.

భర్త నథానియేల్ చొక్కా నిండా నెత్తురు.

"నువ్వే కొట్టినవా?"

"చేను నుంచి వచ్చేసరికి పడి ఉన్నది, మేడమ్. ఒళ్ళోకి తీసుకున్న."

"చేన్ల ఎవరన్న చూసిన్రా?"

"లేరు."

వెంట వచ్చిన కానిస్టేబుల్ బేడీలు బయటికి తీశాడు.

"ఆగు," అంది కావేరి. "ప్రూఫు ఎవరు చూసిన్రు?"

"నేను రెండుసార్లు దిద్దిన," అన్నాడు నథానియేల్.

"బొమ్మలు నేనే అతికించిన," అంది జాన్సన్ భార్య షెకినా. ఆమె ఎడమ చేతికి కట్టు ఉంది.

"నాకు చదువు రాదు బిడ్డా," అంది రాహేలు.

"నువ్వు, జాన్సన్?"

"ఆ చెత్త నాకెందుకు? ఫోన్ల చూసిన, చాలు."

"చింపిన పేజీలల్ల ఏమున్నది, నథానియేల్?"

"తను కొత్తగ కాపురానికి వచ్చినప్పుడు రొట్టె చేసుడు నేర్చుకున్న ముచ్చట."

"దానికోసం ఎవరు చంపుతరు?" కావేరి కట్ట తిరగేసింది. "బ్లాగుల కొత్త పోస్టు పైన ఉంటది. పుస్తకంల పాతది ముందు, కొత్తది చివర. ప్రూఫు చూసినోళ్ళకు ఆ సంగతి తెలుసు. ఫోన్ మాత్రమే చూసినోడు కొత్త పోస్టనుకొని మొదటి పేజీలు చింపిండు."

చివరి పేజీ చదివింది.

"మా మరిది తన భార్య చేతిని గడపకు ఆనించి కాలితో తొక్కాడు. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. మెట్ల మీద పడ్డానని ఆమె డాక్టర్‌కు చెప్పింది."

జాన్సన్ ఒక్క దూకు దూకాడు. షెకినా గొంతు పట్టుకున్నాడు. "నువ్వే చెప్పి రాయించినవ్! నిన్ను గూడ చంపుత!"

కానిస్టేబుల్ లాఠీ మోకాలి మీద పడింది. జాన్సన్ బోర్లా పడ్డాడు. పెదవి చిట్లింది. బేడీలు అతని చేతులకు పడ్డాయి.

షెకినా చాలాసేపు దగ్గింది. తర్వాత అత్తను, బావను, చివరికి నేల మీదున్న భర్తను చూసింది.

"కోర్టుల నేను సాక్ష్యం చెప్త."

రాహేలు తలెత్తింది.

"నీ కొడుకే, అత్తా. అయినా చెప్త," అంది షెకినా, మెల్లగా.