ఈ నంబరు ఎవరిది?

"ఈ నంబరు ఎవరిది?"

గన్నవరం ఎయిర్‌పోర్టులో టికెట్ కౌంటర్ వెనకున్న అమ్మాయి అలా గద్దించేసరికి, ఇష్తియాక్‌కి తన నంబరు తనదని ఒప్పుకోవడానికి కూడా భయమేసింది.

"నాదేనండీ."

అతనికి పటమటలో నెట్ సెంటర్ ఉంది. 2007 నాటికి ఇంట్లో ఇంటర్నెట్ ఉన్నవాళ్లు తక్కువ. విమానం ఎక్కాలనుకున్నవాళ్లు అతని దగ్గరికొస్తే, టికెట్లమ్మే ఏదో ఒక వెబ్‌సైట్లో చవగ్గా వెతికి, బుక్ చేసి, చేతిలో ప్రింటు పెడతాడు. అలాంటి ప్రింటే పట్టుకుని పక్కన నిలబడ్డాడు కైకలూరు రొయ్యల వ్యాపారి ఎల్లారావు. ఆయన ఎక్కాల్సిన హైదరాబాదు విమానం అప్పుడే ఎగిరిపోయింది.

"టైము ముందుకి జరిగిందని ఈ నంబరుకి ఎన్నిసార్లు చేశామో! ఎత్తరేం?"

"కొత్త నంబరు కదండీ... క్రెడిట్ కార్డు అంటగట్టేవాళ్లేమో అనుకున్నా."

"అసలు ప్యాసింజర్ నంబరు ఇవ్వకుండా మీదెందుకిచ్చారు?"

"వాళ్లదిస్తే మీరు ఆఫర్లు పంపి లాగేసుకోరూ? నా బతుకుతెరువండీ!"

ఎల్లారావు మధ్యలో దూరాడు. "పోనీ తర్వాతి ఫ్లైటు ఎక్కించమ్మా."

"మా దగ్గరే కొనుంటే ఈపాటికి మార్చేసేదాన్నండీ. ఆ సైటులో కొన్నది సైటువాళ్లే మార్చాలి. రెండొందలు తక్కువని సంబరపడ్డారుగా, ఇప్పుడు వాళ్లకి ఫోన్ చేసి పాట వింటూ కూర్చోండి."

ఇష్తియాక్‌కి నిజానికి కోపం రావాలి. అతను మాత్రం ఆ పెద్ద కళ్ల కింద మెరుస్తున్న బ్యాడ్జి మీద పేరు చదువుకుంటున్నాడు. ఆస్రా.

ఆ ఏడు వానలు తెరిపి లేకుండా కురిశాయి. గన్నవరంలో మబ్బు పడితే చాలు, పటమటలో ఇష్తియాక్‌కి పండగ. విమానం లేటయితే ఆస్రా ఫోన్ చేస్తుంది మరి! ఇప్పుడతను మొదటి రింగుకే ఎత్తుతున్నాడు.

"ఇవాళ గంట లేటు. మీవాళ్లకి చెప్పండి."

"ఇంకేమైనా చెప్పాలాండీ?"

"చెప్పాలి. రేపట్నుంచి వాళ్ల నంబర్లివ్వండి."

"అప్పుడు నాకెవరు చేస్తారండీ?"

అవతల చిన్న నవ్వు, వెంటనే ఫోను పెట్టేసిన చప్పుడు. ఆ నవ్వు విన్న సంబరంలో రెండు మూడుసార్లు అసలు కబురు ప్యాసింజర్లకి చెప్పడమే మరిచిపోయాడు. ఆస్రా మళ్లీ తిట్టింది. అది కూడా బాగానే ఉంది.

ఒకరోజు గడ్డం పెద్దాయన ఒకరు గొడుగు దులుపుకుంటూ నెట్ సెంటర్‌లోకొచ్చారు.

"బాబూ, ఆదివారం హైదరాబాదు నుంచి ఇక్కడికి మూడు టికెట్లు కావాలి. నా పేరు ఇస్సాక్. బీసెంట్ రోడ్డులో చెప్పుల షాపు. మా అమ్మాయి ఎయిర్‌పోర్టులోనే చేస్తుందిలే. ఆస్రా అని."

ఇష్తియాక్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మరి అక్కడే తీసుకోవచ్చు కదండీ?"

"నేనూ అదే అన్నా. కాదు, నీ దగ్గరైతే చవకని అదే పంపింది."

"ఎవరొస్తున్నారండీ?"

"దాన్ని చూసుకోవడానికి. అబ్బాయి, తల్లిదండ్రులూ."

మూడు పేర్లు టైపు చేయడానికి ఇష్తియాక్‌కి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు. నంబరు గడి దగ్గర మాత్రం అలవాటు కొద్దీ తనదే కొట్టేశాడు.

శనివారం సాయంత్రం ఫోను మోగింది. ఆస్రా గొంతులో ఎప్పుడూ ఉండే దబాయింపు లేదు.

"రేపటి హైదరాబాదు ఫ్లైటు మూడు గంటలు ముందుకి జరిగింది. చెప్పడం నా డ్యూటీ, చెప్పాను." గొంతు ఇంకా తగ్గించింది. "ఇక మీ ఇష్టం."

ఇష్తియాక్ ఫోను చేతిలో పట్టుకునే లెక్కలేసుకున్నాడు. ఊరుకుంటే చాలు. రేపు వాళ్లు రారు. తను మరిచిపోవడం ఇదేం కొత్త కాదు, ఎవరూ అనుమానించరు కూడా. కానీ ప్రింటు పట్టుకుని బిక్కమొహం వేసిన ఎల్లారావు కళ్ల ముందు మెదిలాడు. ఆ పెళ్లికొడుకు తల్లి కూడా రేపు అలాగే నిలబడుతుంది. ఛ, అనుకుని ఇస్సాక్‌కి ఫోన్ చేశాడు. అంతటితో ఆగక, ఆయన దగ్గర నంబరు తీసుకుని హైదరాబాదు వాళ్లకే చేశాడు. తెల్లారి మళ్లీ చేసి, ఎయిర్‌పోర్టుకి చేరామని వాళ్లు చెప్పేదాకా వదల్లేదు.

ఆ తర్వాత ఇంట్లో నిలవలేకపోయాడు. వానలో తడుస్తూ బండి మీద గన్నవరం చేరాడు.

కౌంటర్ దగ్గర ఆస్రా ఒక్కతే ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"దిగారు. నాన్న ఇంటికి తీసుకెళ్లారు. సంతోషమేనా?"

"చెప్పాలి కదండీ..."

"ఇన్నాళ్లూ చెప్పండి మహాప్రభో అంటే చెప్పలేదు! ఇవాళే గుర్తొచ్చిందా? టైము మారితే మీరెలాగూ చెప్పడం మరిచిపోతారని కాదూ, నాన్నని ఏరికోరి మీ దగ్గరికి పంపింది!"

 ఇష్తియాక్ నెత్తిమీంచి కారుతున్న నీళ్లు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

"అంటే... మీకూ..."

"ఫ్లైటు పది నిమిషాలు లేటయినా ఏ ఎయిర్‌లైన్ వాళ్లు ఫోన్ చేస్తారండీ? ఆ మాత్రం తెలీదూ?"

"నాకు మీరంటే ప్రాణం ఆస్రా గారూ!" గట్టిగానే అనేశాడు. బయట ట్రాలీలు తోసేవాళ్లు కూడా తిరిగి చూశారు.

"నాకు కాదు, మా ఇంట్లో చెప్పండి," అంది ఆస్రా, కళ్లు తుడుచుకుంటూ నవ్వేసి.

మధ్యాహ్నం ఇస్సాక్ ఇంట్లో హైదరాబాదు వాళ్లు బిర్యానీ మెచ్చుకున్నారు. పిల్ల ఉద్యోగం మానేయాలన్నారు. మాననంది ఆస్రా. టీ చల్లారేలోపే సంబంధం తప్పిపోయింది.

సాయంత్రం ఆ గుమ్మం ముందే ఆటో ఆగింది. ఇష్తియాక్‌ని పెంచిన అమ్మమ్మ మెహబూబ్ బీ, మనవడి చెయ్యి పట్టుకుని దిగింది.

"మధ్యవర్తులెవరూ లేరు నాయనా, నేనే వచ్చాను. మీ పిల్లని మా వాడికివ్వండి."

ఇస్సాక్ ఇష్తియాక్‌ని దగ్గరికి పిలిచారు.

"ఇది మనసులో పెట్టుకుని కూడా వాళ్లని అన్నిసార్లు ఫోన్ చేసి ఎక్కించావా? ఎందుకయ్యా?"

"టికెట్టు ఇచ్చింది నేను కదండీ. చేర్చే పూచీ నాదేగా."

తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. ఇస్సాక్ ఆ తలుపు వైపు తిరిగారు. "విన్నావుగా. నీ మాటేంటమ్మా?"

"టీ పెడుతున్నా నాన్నా. పంచదార ఎక్కువేసి."

ఇస్సాక్ పగలబడి నవ్వి, ఇష్తియాక్ భుజం మీద చెయ్యి వేశారు.

నిఖా రోజు ఖాయమైన వారానికి ఇష్తియాక్ మళ్లీ కౌంటర్ ముందు నిలబడ్డాడు.

"పెళ్లయిన మర్నాటికి హైదరాబాదుకి రెండు టికెట్లండీ."

"మీ సైటులో రెండొందలు తక్కువ కదా?"

"వద్దండీ. ఇక్కడే ఇవ్వండి."

ఆస్రా పేర్లు కొట్టింది. అతను చెబుతున్న నంబరు కూడా కొడుతూ చివర్లో ఆగిపోయింది. అది ఆమె సెల్ నంబరే.

"టైము మారితే మా వాళ్లు నాకు చేస్తారు. మరి మీకెలా తెలుస్తుంది?"

"పక్కనే ఉంటారుగా," అన్నాడు ఇష్తియాక్.