బంగళా ముందు మునిగే దోనె

కొల్లేటి ఒడ్డున ఉన్న ఆ కాలవ బంగళాకి మంచి పేరు లేదు. ఆకివీడు పోయే పడవలవాళ్ళు పొద్దుగూకాక అటు తల తిప్పరు. ఎప్పుడో ఒక సర్వే ఉద్యోగి దోనె బోల్తాపడి అక్కడే పోయాడట. అప్పటినుంచీ నడిరాత్రి... మనిషి లేని దోనె ఒకటి తనంతట తనే వస్తుందట. సరిగ్గా బంగళా మెట్ల ముందు ఆగి — మునిగిపోతుందట. చూసినవాడు ఏడాది తిరక్కుండా నీళ్ళపాలవుతాడని చెప్పుకుంటారు.

ఏలూరులో గుమాస్తా అచ్యుతరావు ఈ సంగతి విని భయపడలేదు. సంతోషించాడు.

ఎందుకంటే, ఆయన భార్య మంగతాయారు హంపీ చూపించమని పట్టుబట్టింది. పట్టుబట్టదూ మరి! పెళ్ళయిన పదకొండేళ్ళుగా ఆయన యాత్రల పుస్తకం రాస్తూనే ఉన్నాడు. అజంతాకి ఏ బండి ఎక్కాలి, ఆగ్రాలో ఏ సత్రంలో దిగాలి, గుంతకల్లులో ఎన్నింటికి బండి మారాలి... అన్నీ ఎర్రసిరా గీతలతో సహా. చూసినవాళ్ళు "ఎంత దేశం తిరిగారండీ!" అనేవారు. ఆయన కాదనేవాడు కాదు. ఆ మహానుభావుడు బెజవాడ దాటి అడుగు పెట్టిన పాపాన పోలేదు. మంగతాయారుకి పుట్టిల్లు తాడేపల్లిగూడెం, మెట్టినిల్లు ఏలూరు. ఆ రెంటి మధ్య రైలుపట్టాలే ఆమెకి భూగోళం.

1936 వేసవిలో తెగేసి చెప్పింది. "దసరాకి హంపీ. కాదంటే ఆ పుస్తకం పొయ్యిలో పెడతానండీ."

"ముందు కొల్లేటి బంగళాలో ఒక రాత్రి ఉండి చూద్దాం. పరాయిచోట ఉండలేనివాళ్ళకి హంపీ ఎందుకే?" అన్నాడాయన.

ఆ బంగళా సంగతీ, ఆయన ఎత్తూ ఆమెకి తెలియనివి కావు. దెయ్యం కథ చెబుతాడు, తను జడుసుకుంటుంది, హంపీ మాట అంతటితో సరి. ఈ తెలివి ఆఫీసులో చూపించి ఉంటే ఈపాటికి హెడ్‌గుమాస్తా అయ్యేవాడు, అనుకుంది.

బంగళా చేరాక, సాయంత్రం కథ చెప్పాడు. గొంతు తగ్గించి... ఆగి ఆగి... లాంతరు వత్తి కూడా తగ్గించి మరీ.

"అయ్యో!" అంది మంగతాయారు ఆవలిస్తూ. ఆ తర్వాత బిందె తీసుకుని రేవుకు వెళ్ళింది. చాలాసేపటిదాకా రాలేదు.

నడిరాత్రి. వెన్నెల. ఎటు నుంచో నాచు వాసన.

అచ్యుతరావుకు కునుకు లేదు. తను చెప్పిన కథే తన చెవుల్లో తిరుగుతోంది.

నీళ్ళలో చప్పుడు...

లేచాడు. కిటికీ దగ్గరికి నడిచాడు. కళ్ళు మూసుకుని పడుకున్న మంగతాయారుకి అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి — ఆయన అడుగులు, ఆయన ఊపిరి, తర్వాత... ఆ ఊపిరి ఆగిపోవడం.

"తాయారూ... అటు చూడు..."

ఆమె ఒక కన్ను తెరిచింది.

తాటిదోనె. తెడ్డు లేదు. మనిషి లేడు. మెల్లగా మెట్లవైపు వస్తోంది... వచ్చింది... ఆగింది. ఒక పక్కకి ఒరిగింది. గుడగుడమని నీళ్ళు తాగింది.

ఇక దోనె లేదు.

దాని చోట — నల్లగా ఒక తల లేచింది!

చారిత్రక స్థలాలన్నీ కంఠతా వచ్చిన పెద్దమనిషి మంచం కింద దూరాడు.

"చూసేశానే... ఏడాది తిరక్కుండా... నేను..."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తనలాగే హడలిపోయిందనుకున్నాడాయన.

"మొక్కుకోండి," అంది గుసగుసగా.

"ద్వారకా తిరుమల వెంకన్నబాబూ—"

"ఆయనకి ఈ చుట్టుపక్కల దెయ్యాలతో మొహమాటం ఉంటుందండీ. దూరపు దేవుడైతే..."

"ఎవరే? తొందరగా చెప్పి చావు!"

"హంపీ విరూపాక్షుడు."

"విరూపాక్షా! తండ్రీ! దసరాకి సకుటుంబంగా హంపీ వచ్చి నీకు కొబ్బరికాయ కొడతాను... గట్టెక్కించు!"

తెల్లారింది. ఎండ తగలగానే ధైర్యం తిరిగొచ్చింది. బండి ఎక్కుతూ, "ఆ మొక్కుదేముందిలే... కంగారులో ఏదో అన్నాను," అని నసిగాడు.

"అలాగేనండీ. ఇంటికెళ్ళాక అత్తయ్యగారిని అడుగుదాం."

ఆయన తల్లి వీరరాఘవమ్మ, మొక్కు ఎగ్గొట్టిన కొడుక్కి అన్నం పెట్టే మనిషి కాదు. కాసేపటికి జేబులోంచి పుస్తకం తీసి, హంపీ పేజీ వెతుక్కోవడం మొదలెట్టాడు.

మంగతాయారు చెంబు మరిచిపోయానని రేవుకు దిగింది. పడవ నడిపే వరదానం నడుములోతు నీళ్ళలో నిలబడి, దోనెను పైకి లేపి నీళ్ళు తోడుతున్నాడు. తాటిదోనె వేసవి ఎండకి ఆరితే బీటలిస్తుంది. అందుకని పని లేనప్పుడు దాని చాటున ఈదుతూ తోసుకొచ్చి, నీళ్ళలో ముంచి ఉంచుతారు. ఆ లంకల్లో అందరూ చేసే పనే.

"అమ్మగారండీ," అన్నాడు వరదానం గొంతు తగ్గించి. "రోజూ పొద్దుగూకకముందే, అదిగో ఆ తూముకాడ ముంచేసుకుంటానండి. నిన్న నడిరాత్రిదాకా ఆగి, ఈ మెట్లకాడే ముంచమన్నారెందుకండీ?"

"అయ్యగారికి దేశాలు చూడ్డమంటే ప్రాణం, వరదానం," అంది మంగతాయారు చెంబు కడుక్కుంటూ. "ఎక్కడికెళ్ళినా, అక్కడి వింత చూడందే కదలరు."