దేవప్ప ఆటో ఆగిన రోజు

"ఏయ్! ఆడ ఏం చేస్తున్నవ్?"

ఆ కేకకు సంగమేశ్వర్ చేతిలోని బుల్లి మూత జారి ఆటో కిందికి దొర్లింది. నారాయణఖేడ్ బస్టాండు ఎదుటి అడ్డాలో, ఒక ఆటో వెనక చక్రం పక్కన గొంతుక్కూచుని ఉన్నాడతను. తలెత్తి చూస్తే ఒక అమ్మాయి: తెల్ల కోటు, భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా, రెండు కళ్ళలోనూ మంట. అంత కోపంలోనూ ఆ కళ్ళు బాగున్నాయనిపించింది. అలా అనిపించడానికి అదా సమయం? కాదు. కానీ అనిపించింది, ఏం చేస్తాడు పాపం!

"గాలి చూస్తున్న," అన్నాడు.

"చూస్తున్నవా, తీస్తున్నవా?"

"తీస్తలేను. టైర్ ప్రెషర్ చూస్తున్న..."

"అది మా నాయిన ఆటో! పొద్దుగాల పొద్దుగాల గాలి తీసి, పంచర్ షాపుకు గిరాకీ పంపనీకె వచ్చినవా? ఎవల మనిషివి నువ్వు?"

అడ్డా మీది డ్రైవర్లంతా పోగయ్యారు. గాలి దొంగ దొరికాడన్నాడొకడు. ఫోటో కొట్టమన్నాడింకొకడు. పక్క ఆటో డ్రైవరు హస్నైన్ గనక పరుగెత్తుకు రాకపోతే సంగమేశ్వర్‌కి ఆ పూట నాలుగు తగిలేవే.

"అరె ఉమక్కా, మనోడే! ఇంజనీరు. నా ఆటోకు మిషన్ పెడ్తనన్నడు. రెండు ఆటోలు ఒక్క తీరుగ ఉన్నయని మీ నాయిన ఆటో కాడ కూసున్నడు. మాఫ్ చెయ్!"

"ఏం మిషన్?" అంది ఉమారాణి, కోపం ఇంకా దించకుండానే.

సంగమేశ్వర్ తయారుచేస్తున్నది టైర్లలో గాలి తగ్గితే కనిపెట్టే సాధనం. గాలి కొట్టే చోట మామూలు మూత తీసేసి, సెన్సర్ ఉన్న మూత బిగిస్తాడు. గాలి తగ్గగానే అది హ్యాండిల్ దగ్గరి చిన్న డబ్బాకు కబురు పంపుతుంది. డబ్బా కూస్తుంది, డ్రైవరు బండి ఆపి చూసుకుంటాడు. అంతే. దీనికోసం పటాన్‌చెరులో మంచి ఉద్యోగం మానుకుని వచ్చాడు.

"గిది కార్లకు ఉంటది గదా?" అందామె.

"కార్ల నలుగురు కూసుంటరు. గీ ఆటోల పది మంది. ముందుగాల ఎవలకు కావాలె చెప్పు?"

ఉమారాణి తండ్రి ఆటో టైర్ల వైపు చూసింది. చౌరస్తా దగ్గరి దవాఖానలో నర్సు ఆమె. కిందటి వానాకాలం కంగ్టి రోడ్డు మీద టైరు పేలి ఒక ఆటో బోల్తా పడింది. దెబ్బలు తగిలినవాళ్ళను తెచ్చి పడుకోబెడుతుంటే, ఆమె కట్లు కట్టడం మాని ముందు ఒక్కొక్కరి ముఖమూ చూసింది, వాళ్ళలో తండ్రి ఉన్నాడేమోనని. లేడు. అయినా ఆ భయం మాత్రం పోలేదు.

"మా నాయిన ఆటోకు గూడ పెడ్తవా?" గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "ఆయన టైర్లు సూడు, నున్నగైనయి. సాయంత్రం ఆటో సప్పుడు ఇనబడేదాంక నాకు ముద్ద దిగది."

సంగమేశ్వర్ తలూపాడు. ఆ మాట అడిగినప్పుడు ఆ కళ్ళు ఇంకా బాగున్నాయి, అది వేరే సంగతి.

అప్పుడే చాయ్ తాగి వచ్చాడు దేవప్ప. విషయం విని, వెనక టైరును కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"తంతే తెలుస్తది నాకు. ముప్పై ఏండ్ల సంది తంతున్న. డబ్బా ఎందుకు?"

"నాయినా!"

"సరే తియ్యి. పెట్టుకోనీ. పైసలు గిట్ల అడగొద్దు."

*

మొదటి పరీక్ష కంగ్టి ట్రిప్పులో. టైర్లో గాలి బాగానే ఉన్నా పరీక్ష కోసం డబ్బా కాస్త ముందే కూసేలా పెట్టి, సంగమేశ్వర్ దేవప్ప పక్కన అరసీటు మీద వేలాడుతూ కూర్చున్నాడు. ఊరు దాటారో లేదో, డబ్బా కుయ్ కుయ్‌మంది.

దేవప్ప ఆపలేదు. "ఎవలిదో ఫోన్ మోగుతుంది, సూసుకోండ్రి," అన్నాడు.

ఇంకేముంది! ఆటోలో ఉన్నవాళ్ళంతా జేబులూ కొంగులూ సంచులూ తడుముకున్నారు. ఒకావిడ ఫోన్ తీసి చెవిన పెట్టుకుని "హలో, హలో, జర గట్టిగ మాట్లాడు" అని కూడా అంది.

సాయంత్రం హోటల్లో ఇదంతా విని ఉమారాణి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇంజనీర్ సాబ్, నీ మిషన్ ఫెయిల్!"

"ఫెయిల్ గాదు. డేటా వచ్చింది."

"ఏం డేటా?"

"మీ నాయిన ఆగడని."

ఆమె మళ్ళీ నవ్వింది. సంగమేశ్వర్ చాయ్ చల్లారిపోయింది. చల్లారిందని అతనికి తెలియనే తెలియదు.

"కూతకు ఆగడు గనీ, మాటకు ఆగుతడేమో," అన్నాడు. "నీ మాట అయితే ఇంటడా?"

"ఇంటడంటవా? చూద్దం."

దవాఖాన మెట్ల కింద నిలబడి రికార్డు చేశారు. మొదట మందుల చీటీ చదివినట్టు చదివింది. అట్లా కాదు, నిజంగా కోపం రావాలన్నాడతను. "వస్తలేదు," అంది. "నన్ను గాలి దొంగ అనుకో." అంతే, ఒక్కసారికే కుదిరింది: "నాయినా! గాలి తగ్గింది. ఆటో ఆపుతవా, లేదా?"

ఆ పూట సంగమేశ్వర్ ఆ గొంతును ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు. టెస్టింగ్ అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు.

"భాయ్," అన్నాడు హస్నైన్, "టెస్టింగ్ రెండుసార్లు సాలు. గిది టెస్టింగ్ గాదు, బీమారి."

రెండో పరీక్షలో డబ్బాలోంచి కూతురు గొంతు ఖంగుమంది. దేవప్ప ఉలిక్కిపడ్డాడు. ఆనక ముఖం చిట్లించాడు. "ఇంట్ల సాలదని గీడ గూడనా?" అంటూ భుజం మీది తువ్వాల తీసి డబ్బా మీద కప్పేశాడు. ఆటో ఆగలేదు సరికదా, ఇంకొంచెం జోరందుకుంది.

*

ఆ కబురు చెబుతూ అడ్డా నుంచి దవాఖాన దాకా ఉమారాణి పక్కన నడిచాడు సంగమేశ్వర్. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఆమె గొడుగు తెచ్చుకుంది గానీ తెరవలేదు. ఎందుకు తెరవలేదో అడిగే ధైర్యం అతనికి లేదు.

"ఉమా, ఒక మాట."

"నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"నెల రోజుల సంది టైరు చూసుకుంట నా దిక్కు చూస్తున్నవ్. నా దిక్కు చూసుకుంట టైరు చూస్తున్నవ్. అడ్డా మీద అందరికి తెలుసు."

సంగమేశ్వర్ ముఖం ఎర్రబడింది. "మరి?"

"నా మాట ఇను. మా నాయిన ఆటో నీ డబ్బాకు ఆగాలె. ఆగిన దినం అడుగు. గప్పుడు చెప్త."

"గిదేం పరీక్ష?"

"నవ్వులాటకు అంటలేను." ఉమారాణి నిలబడిపోయింది. "ఆయన రోడ్డు మీద ఉన్నంతసేపు నా పానం గా రోడ్డు మీదనే ఉంటది. గీ బుగులుతోని పెండ్లి ముచ్చట ఏం ఆలోచించాలె నేను? నువ్వంటే ఇష్టం లేక గాదు..." అని, అనకూడని మాట అనేసినట్టు నాలుక కరుచుకుని, గబగబా దవాఖాన మెట్లెక్కేసింది.

సంగమేశ్వర్ వానలో అలాగే నిలబడ్డాడు. సంతోషపడాలో భయపడాలో తెలియలేదు. రెండూ పడ్డాడు.

*

దారి దొరికింది మాత్రం వాళ్ళెవరూ వెతకని చోట.

కంగ్టిలో హెల్త్ క్యాంపు ముగించుకుని ఉమారాణి తండ్రి ఆటోలోనే వస్తోంది. సంగమేశ్వర్ ముందు అరసీటు మీద ఉన్నాడు, ముఖం వేలాడేసుకుని. డబ్బా మీద తువ్వాల ఉంది. ఆటో కిక్కిరిసి ఉంది, సూది మోపే సందు లేదు. అంతలో కందిచేను గట్టు మీంచి ఒక ముసలమ్మ చెయ్యెత్తింది.

"ఓ ఆటో! ఆగు కొడుకా!"

దేవప్ప బ్రేకు తొక్కిన తొక్కుడుకు అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. కూతకు ఆగలేదు, కన్న కూతురి కోపానికి ఆగలేదు, ఆ ముసలమ్మ కేకకు మాత్రం మంత్రం వేసినట్టు ఆగిపోయింది ఆటో. "జరుగుండ్రి జర, జాగ చేయుండ్రి," అంటున్నాడు దేవప్ప.

సంగమేశ్వర్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. ఉమారాణి అప్పటికే అతన్నే చూస్తోంది. ఇద్దరి కళ్ళూ ఒక్కసారే పెద్దవయ్యాయి.

"గిరాకీ!" అన్నారిద్దరూ ఒక్కసారే.

"ఏంది?" అన్నాడు దేవప్ప.

"ఏం లేదు కాకా, నువ్వు పోనియ్!"

మర్నాడే హస్నైన్ ఆటోలో ఊరి బయటికి వెళ్ళి, చేల మధ్య నిలబడ్డారు. ఉమారాణి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచింది: "ఓ ఆటో! ఆగు! ఖేడ్‌కు వస్త!"

హస్నైన్ తల అడ్డంగా ఊపాడు. "ముసలమ్మకు ఆగిండు గనీ, వయసు పిల్ల ఒక్కతైతే మా దేవప్ప కాక ఎన్క ఆటోల రమ్మని చెయ్యి ఊపి పోతడు. ఇద్దరైతే ఇడువడు. ఇద్దరు ఒర్లుండ్రి."

ఇద్దరూ అరిచారు.

"గట్ల గాదు! ఆఖరి బస్సు పోయినట్టు ఒర్లాలె!"

అప్పుడే వాన దంచికొట్టడం మొదలెట్టింది. రికార్డు చేస్తున్న ఫోన్ తడవకుండా ఉమారాణి తన చున్నీని ఇద్దరి తలల మీదుగా పట్టింది. ఆ చున్నీ కింద నిలబడి, గొంతులు పగిలేలా అరిచారు: "ఓ ఆటో! ఆగు! ఆగే! ఇద్దరం ఉన్నం!" అరిచి, ఆయాసంతో ఒకరినొకరు చూసుకున్నారు. చూసుకుంటూనే ఉన్నారు.

"రికార్డింగ్ అయిపోయింది," అన్నాడు హస్నైన్, తడిసి ముద్దయిపోయి. "ఇగ పోదామా, ఇంకేమన్న ఉందా?"

డబ్బా బాగుచేస్తానని చెప్పి సంగమేశ్వర్ దేవప్ప ఆటోలో కొత్త గొంతు ఎక్కించాడు. స్పీకరును మాత్రం డబ్బాలోంచి తీసి, వెనక హుడ్డు అంచున కనబడకుండా బిగించాడు. రోడ్డు మీంచి వచ్చినట్టే వినబడాలి మరి.

*

ఆదివారం బోరంచ నల్లపోచమ్మ గుడికి బయల్దేరింది ఉమారాణి తల్లి హన్మమ్మ. ఉమారాణి, వాడకట్టు ఆడవాళ్ళు, వాళ్ళ పిల్లలు, అందరూ దేవప్ప ఆటోలోనే. డబ్బా చూసుకోవడానికి రమ్మంది ఉమారాణి. సంగమేశ్వర్ ముందు అరసీటు మీద తయారు.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. వచ్చేటప్పుడు వాన తుంపర మొదలైంది. పిల్లలు పాటలు పాడుతున్నారు. ముందు దిగుడు, దిగుడు చివర మలుపు, మలుపులో గోడ లేని కల్వర్టు. దేవప్ప ఆటోను దిగుడుకు వదలబోతున్నాడు.

"ఓ ఆటో! ఆగు! ఆగే! ఇద్దరం ఉన్నం!"

దేవప్ప కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఆటో కీచుమని ఆగింది.

సంగమేశ్వర్‌కి పై ప్రాణాలు పైనే పోయాయి. ఈసారి అతను పరీక్ష పెట్టలేదు. ముందే కూసేలా ఏమీ మార్చలేదు. అంటే...

"ఏరి? ఇద్దరన్నరు!" దేవప్ప తల బయట పెట్టి వెనక్కి చూస్తున్నాడు. "పిలిచి ఎటు పోయిండ్రు?"

"గా సెట్టు కింద ఉన్నరేమో," అంది ఒకావిడ. ఆటోలో ఉన్నవాళ్ళంతా తలో పక్క వెతుకుతున్నారు.

సంగమేశ్వర్ దూకి వెనక్కి పరుగెత్తాడు. ఎడమ చక్రంలో వేలంత మేకు. టైరు సగం కుంగిపోయింది. "కాకా, దిగు," అన్నాడు.

దేవప్ప దిగి వచ్చాడు. అలవాటు కొద్దీ టైరును కాలితో తన్నాడు. కాలు మెత్తగా లోపలికి పోయింది. అతను దిగుడు వైపు చూశాడు, కల్వర్టు కింద ఉరకలేస్తున్న నీళ్ళ వైపు చూశాడు, ఆటోలోంచి తొంగి చూస్తున్న పిల్లల వైపు చూశాడు. రోడ్డు పక్కనే కూలబడిపోయాడు.

"బిడ్డా," అన్నాడు, దిగి వచ్చిన ఉమారాణితో. "నువ్వు చెప్తే నేను తువ్వాల కప్పిన."

"పోనీ నాయినా. ఆగినవ్ గదా."

"గీ పిల్లలకేమన్న అయితే ఎవలకు మొఖం చూపెడుదు?" ముఖం రెండు చేతులతో తుడుచుకున్నాడు. వాన నీళ్ళో, ఇంకేవో. ఆ తర్వాత గుర్తొచ్చినట్టు తలెత్తాడు. "మరి ఒర్లింది ఎవలు?"

"ఇంకా తెలుస్తలేదా?" అంది హన్మమ్మ ఆటోలోంచి. "ఒకటి నీ బిడ్డ. ఇంకోటి నీ పక్కన కూసున్నోడు. నాకు ఇనంగనే తెలిసింది."

సంగమేశ్వర్ ఎవరి వైపూ చూడకుండా స్టెప్నీ దింపి నట్లు బిగించడం మొదలెట్టాడు. ముఖమంతా బురద. పక్కన ఉమారాణి వచ్చి కూర్చుంది.

"అడగవా?" అంది మెల్లగా.

"ఇంతమంది ముంగట?"

"మందిని ఎక్కించింది మా నాయిన. నేను గాదు."

సంగమేశ్వర్ పానా పట్టుకునే అడిగాడు. "నన్ను చేసుకుంటవా?"

"ముందుగాల గా నట్టు గట్టిగ బిగించు."

బిగించాడు. బలమంతా పెట్టి బిగించాడు.

"బిగించిన."

"అయితే చేసుకుంట."

ఆటోలో ఆడవాళ్ళు గొల్లుమన్నారు. దేవప్ప వినీ విననట్టు హస్నైన్‌కి ఫోన్ చేశాడు. "జల్దీ రా. సగం మందిని నీ ఆటోల ఎక్కించుకో. గీ స్టెప్నీ మీద ఇంతమందిని తోలుకపోను. ఇగ ఎప్పుడు తోలుకపోను."

హస్నైన్ వచ్చాడు. సగం మంది దిగి ఆ ఆటో ఎక్కారు. సంగమేశ్వర్ అలవాటుగా ముందు అరసీటు వైపు నడిచాడు. దేవప్ప ఆ చోట చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా పక్కకు ఎవలు కూసునుడు బంద్."

"సరే, నేను హస్నైన్ ఆటోల వస్త మామా."

ఆ మాట ఎలా జారిందో సంగమేశ్వర్‌కే తెలియదు. వెనక్కి తీసుకునే వీలు లేదు. దేవప్ప అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"పొద్దుగాల కాకను గదా నేను?"

దేవప్ప డ్రైవింగ్ సీట్లో కూర్చుని, అద్దం సరిచేసుకుని, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"గా ఆటోల ఎందుకు? ఎన్క మా పిల్ల పక్కకు జాగుంది. ఎక్కి కూసో."