దాచుకున్న ఊపిరి

ఆ ఇంట్లో రోజూ కాఫీ పొంగకముందే బాకా పొంగేది. ఆవేళ కాఫీ పొంగింది, చల్లారింది కూడా. బాకా మాత్రం మోగలేదు. బ్యాండుమాస్టారు పెట్టె తెరిచి చూస్తే పెదవులకు ఆనించే మౌత్‌పీస్ లేదు.

"ఏమేవ్! నా బాకా నోరు కట్టేసిందెవరు?"

"నేనే," వంటింట్లోంచి భార్య గట్టిగా అంది. "మొన్న ఊపిరితిత్తుల పరీక్షలో ఏమని తేలింది? మొదటి సెకనులో రావలసిన గాలిలో సగమే వచ్చిందట. ఇక ఊదింది చాలు."

"ఆ యంత్రానివన్నీ గాలి కబుర్లే!"

కూతురు పనిచేసేది ఆ పరీక్షలు చేసే ల్యాబులోనే. మొన్న తను సెలవులో ఉంటే వేరొకరు చేశారు. "ఇద్దరూ పదండి. ఇవాళ నేనే చూస్తాను," అంది.

ల్యాబులో తండ్రి ముక్కుకు క్లిప్పు పెట్టి గొట్టం అందించింది. "నిండా పీల్చు నాన్నా. ఊదు! ఊదు! ఇంకా, ఇంకా!"

తెరమీద గీత పెళ్లినడకలా తాపీగా లేచి గుండ్రంగా వంగింది. మళ్లీ సగమే.

"చూశారా?" భార్య అందుకుంది. "మా నాన్న దగ్గి దగ్గి పోయాడు. ఆ చప్పుడు మళ్లీ వినలేను. బాకా అటకెక్కాల్సిందే!"

"ఎక్కితే దాని పక్కన నేనూ ఎక్కుతాను. ఊదుకోడానికి లేని ఊపిరి నాకెందుకే?"

కూతురు మాత్రం గీతనే చూస్తోంది. ఊపిరితిత్తుల జబ్బైతే గీత చివ్వున లేచి, ఆ తర్వాత కుంగుతుంది. ఇది లేవడానికే తొందరపడలేదు.

"నాన్నా, గాలి దాచుకుంటున్నావు కదూ?"

"దాచుకోనూ మరి? మొదట్లోనే ఒలకబోస్తే పాట చివర ఏం ఊదను? మా గురువు బెత్తం పెట్టి నేర్పిన విద్యమ్మా ఇది!"

"ఇది పాట కాదు నాన్నా, తిట్టు! మౌత్‌పీస్ దాచినవాళ్లను తిట్టినట్టు ఊదు."

ఆయన భార్యకేసి ఒక్క చూపు చూసి, రొమ్ము విరిచి వదిలాడు. గీత నిలువునా ఎగిరింది. "ఆపకు, అడుగంటేదాకా!" ఆరో సెకనుకు ఆయన మొహం వంకాయైంది. మరో రెండుసార్లు ఊదినా అదే గీత. రావలసిన గాలిలో నూటికి తొంభై ఒకటి!

"ఇన్నేళ్ల కాపురంలో," ఆయన రొప్పుతూ అన్నాడు, "నిన్నింత గట్టిగా ఎప్పుడూ తిట్టలేదే!"

భార్య నవ్వబోయి ఏడ్చేసింది. చేతిసంచీలోంచి రుమాలు మూట తీసి విప్పింది. మౌత్‌పీస్ తళతళలాడుతోంది. తోమి మరీ దాచింది.

"పట్టండి. కానీ ఏటా ఇక్కడికొచ్చి నన్నిలాగే తిట్టాలి. పక్కన కూర్చుని వింటాను."