వాలు మీద ఆగిన ట్రాక్టర్

జహీరాబాద్ బెల్లం బజారులో విరూపాక్షకు పడనివాడు ఒక్కడే, షావుకారు రామ్‌కిషన్. బెల్లం మోసే ట్రాక్టర్‌కు కిరాయి పెంచమని విరూపాక్ష అడిగినందుకు నలుగురి ముందూ మాట విసిరాడు: "ట్రాక్టరెక్కంగనే దొరవైతవార? దాన్ని ఠాణాల పెట్టియ్యకపోతే చూడు." అందుకే చేలల్లో పూజ చేసే ఎళ్ల అమావాస్య పండుగ సాయంత్రం పోలీసులొచ్చి, నీ ట్రాక్టర్ ఒక ముసలామెను గుద్ది చంపింది, బండిని జప్తు చేశామన్నప్పుడు, విరూపాక్ష కళ్ల ముందు మెదిలింది ఆ షావుకారు మొహమే.

తెల్లవారి బొంబాయి రోడ్డు మీద సైకిల్ షాపు పైనున్న గదికి మెట్లెక్కాడు. ఆ గదిలో కూర్చునేది ప్రైవేటు డిటెక్టివ్ జగన్‌మోహన్. అసిస్టెంట్ పీటర్ కుర్చీ జరిపి నీళ్లిచ్చాడు.

"సార్, నేను నడపలే. ఎవడో దొంగతనంగ తీస్కవొయిండు. పోలీసోళ్లు నమ్ముతలేరు. ఆ బండి వాపస్ రాకుంటే నా ఇంట్ల పొయ్యి ముట్టదు."

"నిన్న ఏం జరిగిందో మొదటినుంచి చెప్పు," అన్నాడు జగన్‌మోహన్.

"మా రత్నమ్మ, నేను చేనుకు పోయినం. గట్టు మీద బండి ఆపి, పూజల పెట్టిన బువ్వ భూదేవికని చల్లుకుంట చేను చుట్టు తిరుగుతున్నం. పక్క చేన్లల్ల గుడ అందరు చల్లుకుంట కేకలు పెడుతున్నరు. తిరిగొచ్చి చూస్తె బండి లేదు."

"ఇంజను చప్పుడు వినిపించలేదా?"

"లేదు సార్. దివాలికి సెల్ఫ్ స్టార్టర్ ఖరాబైంది. బాగు చేపిచ్చే తాకత్ లేక వాలు మీదనే ఆపుత. టైరు కింది రాయి తీస్తె దొర్లుకుంట పోయి కింద స్టార్టయితది."

"డ్రైవరు లేడా?"

"వీరన్న ఉండె. రామ్‌కిషన్ జీతమెక్కువ ఇస్తనంటె దసరాకే అటు పోయిండు. అప్పటిసంది నేనే నడుపుతున్న. నాకు పానం బాగ లేకుంటె మా బామ్మర్ది శివరాజ్ నడుపుతడు. సార్, ఇది రామ్‌కిషన్ పనే. వీరన్నతోని చేపిచ్చిండు."

"ముందు యాక్సిడెంటు అయిన చోటు చూద్దాం పద," అన్నాడు జగన్‌మోహన్. లేచి చెప్పులేసుకున్నాడు.

ఝరాసంగం తోవలో కల్వర్టు దగ్గర ఎడ్లు విప్పిన బండి ఒకటి పక్కకు ఒరిగి ఉంది. దాని వెనుక నేల మీద జొన్నరొట్టెలు, పండుగకు వండిన భజ్జికూర చెల్లాచెదురై ఎండిపోతున్నాయి. చనిపోయిన ముసలామె నారమ్మ తన కొడుకులకు సద్ది తెచ్చి, బండి నీడన కూర్చుందట. విరూపాక్ష అటు చూడలేక తల తిప్పుకున్నాడు.

ఎదురుగా చాయ్ హోటల్ చంద్రప్ప అంతా చూశాడు. "మొకానికి రుమాలు చుట్టుకున్నడు సార్. వచ్చుడొచ్చుడే ఎడ్లబండికి తాకిచ్చిండు. ముసల్ది ఒక్క కేక పెట్టింది. గంతే."

"తర్వాత?"

"కల్వర్టు దాటి గా దిగుడు మీద ఆపిండు. ఎనక టైరుకు రాయి పెట్టి, కందిచేన్లవడి ఉరికిండు."

పీటర్ నోరు తెరిచాడు. "మనిషిని చంపి పారిపోయేవాడికి రాయి వెతికే తీరిక ఎక్కడిది సార్?"

"ఆ ప్రశ్న వదలకు పీటర్."

విరూపాక్ష ఇంటికి వచ్చేసరికి శివరాజ్ గడపలోనే ఉన్నాడు. నాలుగక్షరాలు చదివినవాడు, ఆఫీసులు తిరిగినవాడు. బావ భుజం మీద చెయ్యి వేశాడు. "ఫికర్ చెయ్యకు బావా. పొద్దుగాలనే కోర్టుల దరఖాస్తు పెట్టిన. బండి నేనిడిపిస్త."

"నిన్న మీరెక్కడున్నారు?" అడిగాడు జగన్‌మోహన్.

"రాయికోడ్‌ల, మా చేన్ల. అమాస కద సార్."

మర్నాడు ఎస్.ఐ. అనుమతితో అందరూ ఠాణా ఆవరణలో చేరారు. జప్తు చేసిన బండ్ల మధ్య ట్రాక్టర్ నిలబడి ఉంది. రామ్‌కిషన్ వీరన్నను వెంటబెట్టుకొని వచ్చి, ధోవతి సవరించుకుంటూ చిరాగ్గా ఉన్నాడు. రత్నమ్మ తమ్ముడి పక్కన నిల్చుంది.

"వీరన్నా, దాన్ని కొంచెం ముందుకు తియ్యి," అన్నాడు జగన్‌మోహన్.

వీరన్న ఎక్కి సెల్ఫ్ నొక్కాడు. ఉలుకు లేదు. మళ్లీ నొక్కాడు. "ఏం రోగమొచ్చిందయ్య దీనికి? నేనున్నప్పుడు ఒక్క దెబ్బకు లేస్తుండె."

"దిగు. నువ్వు కాదు." జగన్‌మోహన్ అందరివైపు తిరిగాడు. "ఈ బండికి సెల్ఫ్ లేదని వీరన్నకు తెలియదు. తీసుకుపోయినవాడికి తెలుసు. చేను చుట్టూ తిరిగేటప్పుడు బండి దగ్గర ఎవరూ ఉండరనీ తెలుసు. పగతో వచ్చినవాడైతే బండిని గుంతలో తోసి పోయేవాడు. వీడు వాలు చూసి ఆపాడు, టైరుకు రాయి పెట్టాడు. చేతిలో మనిషి ప్రాణం పోయినా బండి మాత్రం పదిలంగా ఉండాలి. ఎందుకంటే అది రేపు తనకే వస్తుంది. దివాలి తర్వాత దీన్ని నడిపినవాళ్లు ఇద్దరే. ఒకరు చేనులో భార్య పక్కనున్నారు."

విరూపాక్ష బామ్మర్ది వైపు తిరిగాడు. "మా శివరాజా? వానికెందుకొస్తది సార్ నా బండి?"

"జప్తయిన బండిని కోర్టు అడిగిన వాళ్లందరికీ ఇవ్వదు. రిజిస్ట్రేషన్ ఎవరి పేర ఉందో వాళ్లకు, పూచీకత్తు మీద ఇస్తుంది. ఎస్.ఐ. గారూ, దరఖాస్తులో ఓనరు ఎవరు?"

"శివరాజ్."

"నీ ఇంటి ముందుకొచ్చి గుంజుకుంటే ఊరు ఊరుకోదు విరూపాక్షా. కోర్టు చేతుల మీదుగా వస్తే అడిగేవాడుండడు. అందుకే యాక్సిడెంటు కేసు కావాల్సి వచ్చింది."

"నాకు చదువు రాదని కొన్ననాడు వాడే ఆఫీసులు తిరిగి కాయిదాలు చేపిచ్చిండు సార్," అన్నాడు విరూపాక్ష. "నా పేరు మీదనే అన్నడు."

రత్నమ్మ తమ్ముడి మొహంలోకి చూసింది. శివరాజ్ చూపు దించాడు. "ఉత్త ఎడ్లబండే అనుకున్న అక్కా. జర తాకిస్తె కేసయితదనుకున్న. ఎనక ముసలామె కూసున్నదని నాకెరుక లేదు."

ఆమె రెండడుగులు వెనక్కి వేసి మొగుడి పక్కకు చేరింది.

కానిస్టేబుల్ శివరాజ్‌ను లోపలికి తీసుకుపోయాడు. రామ్‌కిషన్ వెళ్లబోతూ ఆగాడు. "నన్నే అనుకున్నవ్ కదరా." ఆ గొంతులో వెటకారం లేదు.

"మరి బండి?" అడిగాడు పీటర్.

ఎస్.ఐ. తల అడ్డంగా ఊపాడు. "కేసు తేలేదాక ఇక్కడనే ఎండకు, వానకు ఉంటది. తేలినా కాయిదం మీద ఈయన పేరు లేదు. వేరే దావా వేసుకోవాలె. ఏండ్లు పడుతది."

పీటర్ గొంతు తగ్గించి అడిగాడు. "బండి కొన్నప్పుడు పైసలెక్కడివన్నా?"

విరూపాక్ష బానెట్ మీద చెయ్యి పెట్టాడు.

"మా నాయిన పంచిచ్చిన దాంట్ల నల్లరేగడంత అమ్మిన. నాలుగెకరాల పదకొండు గుంటలు."