పదో గడి

"ఒక్క గంటే అన్నారా, లేదా?"

ఆమె అరవలేదు. అరిచినా అతనికి కాస్త ధైర్యంగా ఉండేది. టాక్సీ స్టాండులో అందరూ ఆమెను హారన్ అని పిలుస్తారు. అలాంటి మనిషి గొంతు తగ్గించిందంటే ఎవరికో మూడిందన్నమాట.

"అన్నానండీ," అన్నాడతను, హెడ్‌ఫోన్స్ తీస్తూ.

"ఇప్పుడు టైమెంత?"

"నాలుగూ ఇరవై."

"మనం వచ్చింది?"

"ఒంటిగంటకి."

అతనికి హామ్ రేడియో పిచ్చి, అంటే సొంత రేడియో సెట్టుతో ఎక్కడెక్కడి మనుషులతోనో మాట్లాడే సరదా. సొంత కారు లేదు. అందుకే ఆమె టాక్సీ మాట్లాడుకుని, కొండ వెనకున్న ఈ పార్కుకి వచ్చాడు. కారు మీద పొడవాటి యాంటెన్నా నిలబెట్టి, రేడియో వైర్లు కారు బ్యాటరీకి తగిలించి, ఇంజిన్ ఆపమన్నాడు. ఇంజిన్ నడిస్తే రేడియోలో గరగర వస్తుందట. ఒక పార్కు నుంచి కనీసం పదిమందితో మాట్లాడితేనే ఆ పార్కు తన లెక్కలోకి వస్తుందని దారంతా చెప్పాడు. బ్యాటరీ పాతది, గంట దాటితే ఊరుకోనని ఆమె ముందే చెప్పింది. చెప్పి, రాత్రి నిద్రలేక, చెట్టుకింద బెంచీ మీద ఒరిగి నిద్రపోయింది.

తొమ్మిదిమంది దొరికారు. పదో మనిషి కోసం అతను వాచీ చూడడమే మానేశాడు.

ఆమె తాళం తిప్పింది. టక్ టక్. మళ్ళీ తిప్పింది. ఈసారి ఒకటే టక్.

"నేను తోస్తానండీ."

"ఇది ఆటోమేటిక్ బండి. తోస్తే స్టార్టవదు. ఆస్పత్రి దాకా తోసుకుంటూ వస్తారా?"

అప్పుడు తెలిసిందతనికి. నిన్న ఆమె తల్లికి కంటి ఆపరేషన్ అయింది. ఒక కంటికి కట్టు, రెండో కన్ను ఎప్పట్నుంచో మసక. ఐదింటికి ఇంటికి పంపేస్తారు. ఫోన్ చేద్దామంటే ఆ కొండ వెనక ఇద్దరి ఫోన్లలోనూ సిగ్నల్ లేదు.

"మా అమ్మ ఎవర్నీ సాయం అడగదు," అందామె. "నేను కనపడకపోతే కింద ఉన్నాననుకుని ఒక్కతే మెట్లు దిగేస్తుంది. ఐదింటికి వార్డు తలుపు దగ్గరే ఉంటానని మాటిచ్చాను. మీ సరదాకి నా మాట పోయింది."

అతను వంగి రేడియో మీటరు చూశాడు. బ్యాటరీలో మిగిలింది బండికి చాలదుగానీ, పవర్ తగ్గిస్తే రేడియోకి సరిపోవచ్చన్నాడు.

"పిలవండి. కానీ నా కార్లో కూర్చోవద్దు."

అతను బయటే నిలబడి, కిటికీలోంచి వంగి మైకు అందుకున్నాడు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. తల కార్లో, మిగతా మనిషంతా వానలో. ఆమె చూసి కూడా తలుపు తియ్యలేదు.

పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. ఎనిమిదోసారి పిలిచేసరికి ఆమె పళ్ళు కొరుక్కుంటోంది. మూడు గంటలు పిలిస్తే రానివాడు ఇప్పుడొస్తాడా అని సణిగింది.

తొమ్మిదోసారికి గరగరలోంచి ఒక ముసలాయన గొంతు పలికింది.

ఆమె చెబుతుంటే అతను ఆస్పత్రి పేరు, వార్డు, మంచం నంబరు ఒక్కొక్కటే నిదానంగా చెప్పాడు. బండికి మెకానిక్ కావాలన్నాడు. చివరి మాట మాత్రం మూడుసార్లు చెప్పాడు. "ఆవిణ్ణి కుర్చీలోంచి లేవొద్దని చెప్పండి. ఆలస్యమైనా అమ్మాయి వస్తుందని చెప్పండి."

పెద్దాయన ఫోన్ చేసొస్తానని వెళ్ళాడు. ఆ పది నిమిషాలూ ఆమె అతనివైపు చూడలేదు. చూస్తే తిట్టాలి, తిడితే రేడియో వినపడదు.

గొంతు తిరిగొచ్చింది. నర్సు పక్కనే ఉందట, అమ్మ కదలనని చెప్పిందట, మెకానిక్ బయల్దేరాడట. ఆమె కళ్ళు తుడుచుకుని, కోపంగానే అతని నోట్‌బుక్ వైపు చూసింది. తొమ్మిది గడులు నిండాయి. పదోది ఖాళీ. పెన్సిల్ కింద పడుంది.

"రాయలేదేం?"

"ఏంటండీ?"

"పదో మనిషి. దీనికోసమేగా ఇంతా చేసింది."

అతను ఆ పుస్తకాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "గుర్తే లేదండీ."

దీనికి ఏమని తిట్టాలో ఆమెకి తోచలేదు. తోచనందుకు ఇంకా మండిపోయింది. తలుపు తీసి, "లోపలికి రండి. సీటు తడిస్తే మీరే తుడవాలి," అంది.

మెకానిక్ వచ్చి బండి స్టార్ట్ చేశాక, వాళ్ళు ఆస్పత్రి చేరేసరికి ఆరుంబావు. అమ్మ కుర్చీలోనే ఉంది. కూతురు మందుల చీటీ కోసం వెళ్తే, అతను చెయ్యందించి అమ్మని మెట్లు దింపాడు.

"ఎవరు బాబూ?"

"రేడియో అబ్బాయినండీ. తప్పంతా నాదే."

"చెయ్యింత చల్లబడిందేం? దాని నోట్లో పడ్డావా?"

"పడ్డానండీ. వానలో కూడా."

అమ్మ పెద్దగా నవ్వింది. "ఆదివారం ఇంటికి రా. అప్పటికి కట్టు విప్పేస్తారు. దానిచేత అన్ని తిట్లు తిని కూడా పారిపోని మనిషెలా ఉంటాడో చూడాలి."

వెనకే వచ్చిన ఆమెకి ఆ మాట వినపడింది. విననట్టు ముందే వెళ్ళి కార్లో కూర్చుంది.

అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టాక, అతను ముందు సీట్లో ఉన్న నోట్‌బుక్ తీశాడు. పదో గడి నిండుంది. రేడియోలో పెద్దాయన చెప్పిన పిలుపు పేరు, టైము, అన్నీ ఆమె చేతిరాతలో. చివర్లో, ఎలా వినిపించిందో రాసే చోట, తొమ్మిదిసార్లు అతను 'బాగా' అని రాసుకున్నాడు. పదో దగ్గర ఆమె ఇలా రాసింది: 'బాగా. నాకు మాత్రం ఇంకా కోపంగానే ఉంది. ఆదివారం సొంత బ్యాటరీతో రావాలి.'

అతను అది రెండుసార్లు చదివి, మూడోసారి మొదలుపెట్టేలోపు హారన్ మోగింది.

"ఎక్కుతారా, తోసుకుంటూ వస్తారా?"