పుట్టింటి చీర

"వద్దు విక్రమూ... ఆ చీర లోపలికి తేకు! నా కొడుకు బతికే ఉన్నడు!" చంద్రమ్మ గుండెలు బాదుకుంటూ గుమ్మానికి అడ్డంగా కూలబడింది.

కోడలు మధులత మాత్రం అన్న చేతిలోని కవరు వంకే చూస్తూ కొయ్యబారిపోయింది. భర్త పోయిన ఆడపడుచుకు దినాల నాడు పుట్టింటివాళ్లు పెట్టే చీర అది!

అమీర్‌పేట మెట్రో ఎదుట విదేశీ ఉద్యోగాల ఆఫీసు నడిపే విక్రమ్, వంట పని ఇప్పిస్తానని సొంత బావ రాకేశ్‌ను విమానం ఎక్కించాడు. దిగీ దిగగానే అక్కడివాళ్లు అతని చేతికి తుపాకి ఇచ్చి తమ యుద్ధానికి తోలారు! బాంబుల మోతలో అతను పంపిన ఆఖరి వాయిస్ మెసేజ్ మధులత చెవుల్లోంచి పోలేదు... "మీ అన్న నన్ను అమ్ముకున్నడు లతా... వాన్ని ఇడువకు!" ఆమె పంజాగుట్ట స్టేషన్‌లో ఫిర్యాదు చేస్తే విక్రమ్ చేతులు జోడించాడు. "వీసా ఒక్కటే ఇప్పించిన సార్, అక్కడ ఎవరు తీస్కపోయిన్రో నాకు తెల్వదు!" అన్నాడు. ఎంత నంగనాచి!

"ఇగ కేసు గీసు ఇడిచిపెట్టు చెల్లె... దినాలు చేద్దాం" అన్నాడిప్పుడు. పెద్దమనిషిగా వెంట తెచ్చుకున్న మేనమామ రాజనర్సయ్య తల వంచుకుని నిలబడ్డాడు.

"బావ పోయిండని నీకెవరు చెప్పిన్రన్నా?"

"ఇంకెవరు... అక్కడ విమానం కాడ బావను దించుకున్నోడే! నిన్న ఫోన్ జేసి..." విక్రమ్ నాలుక కరుచుకున్నాడు.

"వాడెవడో తెల్వదంటివి గదన్నా! విన్నవా మామా?"

"విన్న బిడ్డా... స్టేషన్‌ల సుత చెప్త" అన్నాడు రాజనర్సయ్య.

విక్రమ్ కవరు వెనక్కి లాక్కోబోయాడు. మధులత దాన్ని గట్టిగా పట్టుకుంది.

"ఆడబిడ్డకు తెచ్చిన చీర వాపస్ తీస్కపోతవా? కట్టుకుంట అన్నా... తప్పక కట్టుకుంట! నీకు శిక్ష పడ్డనాడు! అందాక ఈ గాజులు తియ్య, ఈ బొట్టు చెరప!"

చెప్పులు వేసుకుని, అత్తను లేపి, మేనమామను వెంటబెట్టుకుని స్టేషన్‌కు ఆటో ఎక్కింది. ఆటో కదిలాకే ఆమెకు తెలిసింది... అన్న నోరు జారి చెప్పిన ఆ ఫోన్ కబురు నిజమంటే రాకేశ్ నిజంగానే పోయాడు! ఆశ పెట్టుకోవడానికి ఇంక ఏమీ మిగల్లేదు. ఒళ్లోని చీరలో ముఖం దాచుకోబోయింది.

చంద్రమ్మ చటుక్కున ఆపింది. తన కొంగు తీసి కోడలి కళ్లకు అద్దింది.

"దీంతోని తుడుసుకో బిడ్డా... అది తడవొద్దు. వానికి ఉరితాడు గావాలె!"